మాత్ర కన్నా ముందు పరీక్ష

క్యాన్సర్‌కు కొత్త మందు ఏది వచ్చినా మన దగ్గర మొదట వినిపించేది ‘ఎంతట?’ అన్న ప్రశ్నే. ఓలాపారిబ్ విషయంలోనూ అంతే జరిగింది. 2018లో మన దేశంలో అనుమతి దొరికిన నాటి నుంచి నెలకు లక్షలు మింగే మాత్రగానే దానికి పేరుపడింది. ధర మీద జరిగిన చర్చలో పదో వంతు కూడా ఆ మాత్ర ఎవరికి పనికొస్తుందో తేల్చే పరీక్ష మీద జరగలేదు. ఇప్పుడు పేటెంటు గడువు తీరింది, ధర దిగివచ్చే దారి ఏర్పడింది. పరీక్ష ఊసు మాత్రం పల్లెల్లో లేదు. ఏదో ఒక మామూలు మండలాన్ని, రఘునాథపల్లినే అనుకుందాం, ముందు పెట్టుకుని చూస్తే ఈ లోటు ఎంతటిదో తెలుస్తుంది.

ఒకప్పుడు వరంగల్ జిల్లాలో ఉండి, 2016 అక్టోబరులో జనగామ జిల్లాలోకి వచ్చిన మండలం ఇది. సర్వాయి పాపన్న కోట ఉన్న ఖిలాషాపూర్ ఈ మండలంలోదే. హైదరాబాద్–వరంగల్ జాతీయ రహదారి, సికింద్రాబాద్–కాజీపేట రైలు మార్గం రెండూ ఇటుగానే పోతాయి. ఇలాంటి చోట నడివయసు ఆడమనిషికి కడుపుబ్బరం మొదలైతే ముందు గ్యాస్ అనుకుంటారు. ఆర్‌ఎంపీ దగ్గర నాలుగు గోలీలు తెచ్చుకుంటారు. తగ్గకపోతే జనగామ, అక్కడా తేలకపోతే వరంగల్ ఎంజీఎం, చివరికి హైదరాబాద్. ఇందులో పల్లెవాళ్ల తప్పేమీ లేదు. కడుపులో నీరు చేరేదాకా అండాశయ క్యాన్సర్ బయటపడకపోవడం అమెరికాలోనూ ఉన్నదే. 2022 అంతర్జాతీయ అంచనాల ప్రకారం మన దేశంలో ఏడాదికి సుమారు 47 వేల మంది ఆడవాళ్లకు ఈ జబ్బు కొత్తగా వస్తోంది.

రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే ఆస్పత్రిలోనో, బంజారాహిల్స్‌లోని బసవతారకంలోనో ఆపరేషన్ అవుతుంది, మూడు వారాలకోసారి చొప్పున ఆరు కీమోలు అవుతాయి. స్కానింగ్‌లో ఏమీ కనబడటం లేదని డాక్టర్ చెప్పగానే ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకుంటారు. ఈ జబ్బు అసలు బుద్ధి బయటపడేది ఆ తర్వాతే. ముదిరాక తెలిసినవారిలో ఎక్కువమందికి అది మూడేళ్లలోపు తిరగబెడుతుంది. అలా తిరగబెట్టకుండా ఆపడానికి, లేదా వీలైనంత వెనక్కి నెట్టడానికి కీమో ముగిశాక ఇంటి దగ్గరే వేసుకునేవి పార్ప్ నిరోధక మాత్రలు. ఓలాపారిబ్, నిరాపారిబ్, రుకాపారిబ్, టాలజోపారిబ్ ఈ కుటుంబంలోవి.

వీటి పని తీరు తెలిస్తే పరీక్ష ఎందుకో వేరే చెప్పనక్కర లేదు. ఒంట్లోని ప్రతి కణంలోనూ డీఎన్‌ఏ రోజూ వేలసార్లు దెబ్బతింటూ ఉంటుంది, బాగవుతూ ఉంటుంది. డీఎన్‌ఏకు రెండు పోగులు. ఒక పోగు తెగితే అతికించడానికి పార్ప్ అనే ఎంజైము ముందుకొస్తుంది. రెండు పోగులూ తెగితే తప్పు దొర్లకుండా అతికించే బాధ్యత బీఆర్‌సీఏ1, బీఆర్‌సీఏ2 అనే జన్యువులు తయారుచేసే ప్రొటీన్లది. కొందరు ఈ జన్యువుల్లో ఒకదాని చెడిన ప్రతితో పుడతారు. తల్లి నుంచో తండ్రి నుంచో వచ్చిన రెండో ప్రతి బాగుంటుంది కనుక రోజులు గడిచిపోతాయి. ఏదో ఒక కణంలో ఆ మంచి ప్రతి కూడా పోయిన రోజున క్యాన్సర్‌కు బీజం పడుతుంది.

రఘునాథపల్లి నుంచి హైదరాబాద్ పోవాల్సినవాడికి రైలు రద్దయితే బస్సుంది, రోడ్డు మూసేస్తే రైలుంది. రెండూ ఒకేసారి ఆగితే ఇక కదలడమన్నది లేదు. బీఆర్‌సీఏ పోగొట్టుకున్న క్యాన్సర్ కణంలో రైలు ముందే రద్దయి ఉంది. మాత్ర వచ్చి రోడ్డు మూస్తుంది. మిగతా కణాల్లో రైలు నడుస్తూనే ఉంటుంది కనుక అవి బతికి బయటపడతాయి. పార్ప్‌ను పని చేయనివ్వకపోవడంతో ఆగకుండా మాత్ర దాన్ని డీఎన్‌ఏ మీదే ఇరికించేస్తుంది కూడా. కణం రెండుగా చీలడానికి డీఎన్‌ఏకు నకలు తీసుకునే వేళ ఆ ఇరుక్కున్న ఎంజైము అడ్డం తగులుతుంది. ఒక పోగు తెగుడు కాస్తా రెండు పోగుల తెగుడవుతుంది. దాన్ని అతికించే నాథుడు ఆ కణంలో లేడు.

ఒక్కొక్కటి విడిగా పోతే ప్రాణం నిలుస్తుంది, రెండూ కలిసి పోతే నిలవదు: ఈ సంగతిని ముందు పసిగట్టినవాళ్లు క్యాన్సర్ డాక్టర్లు కారు. పండ్ల మీద ముసిరే చిన్న ఈగల మీద 1922లో కాల్విన్ బ్రిడ్జెస్ అనే అమెరికన్ శాస్త్రవేత్త దీన్ని గమనించాడు, 1946లో డోబ్‌జాన్‌స్కీ దీనికి పేరు పెట్టాడు. రొమ్ము క్యాన్సర్ కొన్ని కుటుంబాల్లో వరసగా రావడానికి కారణమైన బీఆర్‌సీఏ1 జన్యువు 17వ క్రోమోజోము మీద ఉందని 1990లో మేరీ క్లెయిర్ కింగ్ చూపించింది. ఈ రెండు దారులూ 2005 ఏప్రిల్‌లో కలిశాయి. షెఫీల్డ్ నుంచి థామస్ హెలెడే బృందం, లండన్ నుంచి అలన్ ఆష్‌వర్త్ బృందం ‘నేచర్’ పత్రిక ఒకే సంచికలో వేర్వేరు పరిశోధనలు వేశాయి. బీఆర్‌సీఏ లేని కణాలు పార్ప్‌ను ఆపితే చచ్చిపోతున్నాయన్నదే రెండింటి సారం. కేంబ్రిడ్జిలో స్టీవ్ జాక్సన్ స్థాపించిన కుడోస్ అనే చిన్న సంస్థ చేతిలో అప్పటికే ఒక మందు ఉంది. ఆస్ట్రాజెనెకా ఆ సంస్థను కొనేసింది. 2014 డిసెంబరులో ఓలాపారిబ్‌కు అమెరికాలో అనుమతి వచ్చింది.

తెలుగు పాఠకుడు ఇక్కడ ఒక్క క్షణం ఆగి భీమవరం కుర్రాడు యల్లాప్రగడ సుబ్బారావును తలచుకోవడం న్యాయం. ఫోలిక్ ఆమ్లం అనే విటమిన్‌కు నకిలీని తయారుచేసి కణాన్ని మోసగించే విద్యకు ఆద్యుల్లో ఆయన ఒకడు. ఆయన బృందం అందించిన అమినాప్టెరిన్‌తో సిడ్నీ ఫార్బర్ 1948లో పిల్లల రక్తక్యాన్సర్‌ను తాత్కాలికంగానైనా వెనక్కి తగ్గించాడు. దాని తమ్ముడు మెథోట్రెక్సేట్‌ను ఇవాళ్టికీ వాడుతున్నారు. పార్ప్ మాత్రలు కూడా ఒక వేషమే వేస్తాయి. పార్ప్ పని చేయాలంటే బి3 విటమిన్ నుంచి తయారయ్యే ఎన్‌ఏడీ అనే పదార్థం కావాలి. మాత్ర ఆ ఎన్‌ఏడీ రూపంలో వచ్చి దాని పీట మీద కూర్చుంటుంది. ఎత్తు పాతదే. సుబ్బారావు కాలంలో లేనిదల్లా ఎవరి మీద ఈ ఎత్తు పారుతుందో ముందే చెప్పగల జన్యు పరీక్ష.

ఎంత మేలు జరుగుతుందో అంకెల్లో చూడాలి. సోలో-1 అనే అంతర్జాతీయ పరీక్షలో, బీఆర్‌సీఏ మార్పు ఉండి మొదటి విడత కీమో పూర్తయిన 391 మంది అండాశయ క్యాన్సర్ రోగులను తీసుకున్నారు. కొందరికి రెండేళ్లు ఓలాపారిబ్, మిగతావారికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. ఏడేళ్ల తర్వాత చూస్తే మందు వాడినవారిలో నూటికి 67 మంది బతికి ఉన్నారు. వాడనివారిలో 46 మందికి కాస్త పైన. ముదిరిన అండాశయ క్యాన్సర్‌లో ఇంత తేడా అరుదు. రొమ్ము క్యాన్సర్‌లో ఒలింపియా అనే పరీక్షను 1,836 మంది మీద చేశారు. బీఆర్‌సీఏ మార్పు ఉండి, తిరగబెట్టే ముప్పు ఎక్కువగా ఉన్న వీళ్లలో ఏడాది పాటు మాత్ర వేసుకున్నవారిలో మూడేళ్లకు జబ్బు తిరగబెట్టనివారు నూటికి 86 మంది, మిగతావారిలో 77 మంది. ప్రోస్టేట్, క్లోమ క్యాన్సర్లలోనూ వాడుతున్నారు. క్లోమం విషయంలో జబ్బు పెరగడం కొన్ని నెలలు వెనక్కి పోయిందే గాని ఆయుష్షు పెరిగిందని తేలలేదు.

ఈ అంకెలన్నీ ముఖ్యంగా బీఆర్‌సీఏ మార్పు ఉన్నవారివి. ఆ మార్పు లేకపోయినా కణితిలో డీఎన్‌ఏ మరమ్మతు లోపం ఉంటే కొంత మేలుంది. అదీ లేకపోతే మేలు బాగా సన్నగిల్లుతుంది, దుష్ఫలితాలు మాత్రం అలాగే ఉంటాయి. కాబట్టి పరీక్ష లేకుండా ఈ మాత్ర రాయడం రోగి డబ్బుతో జూదమాడటమే. పరీక్ష చేయించకుండా మాత్ర గురించే చెప్పకపోవడం అంతకన్నా పెద్ద అన్యాయం. మన జిల్లాల్లో జరుగుతున్నది ఎక్కువగా ఈ రెండోదే.

పరీక్ష అంటే కొండంత వ్యవహారమేమీ కాదు. కాస్త రక్తమో లాలాజలమో చాలు. ఫలితం కొన్ని వారాల్లో వస్తుంది, ఖర్చు వేలల్లో ఉంటుంది. కీమో మొదలైనప్పుడే రక్తం పంపిస్తే ఆరో కీమో నాటికి జవాబు చేతిలో ఉంటుంది. కీమో అయ్యాక మొదలుపెడితే నెలలు చేజారతాయి. హైదరాబాద్‌లో సీసీఎంబీ ఉంది, ఉప్పల్‌లో జన్యు నిర్ధారణ పరీక్షలు చేసే సీడీఎఫ్‌డీ ఉంది. జన్యు విజ్ఞానంలో దేశానికే పెద్ద దిక్కయిన ఊరికి వంద కిలోమీటర్ల లోపున్న రఘునాథపల్లిలో బీఆర్‌సీఏ అన్న మాట ఆశా కార్యకర్త నోట కూడా రాకపోవడం సిగ్గుపడాల్సిన విషయం.

రోగిని అడిగే ప్రశ్నల్లోనూ లోపముంది. కుటుంబంలో ఎవరికైనా క్యాన్సర్ ఉందా అంటే పక్కనున్న భర్తో అత్తగారో తమ ఇంటి సంగతి చెప్పేస్తారు. కావలసింది ఆమె పుట్టింటి చరిత్ర. అమ్మ, అమ్మమ్మ, పిన్ని మాత్రమే కాదు, మేనత్త కూడా లెక్కలోకి రావాలి. చెడిన జన్యువు తండ్రి నుంచి కూడా సరిగ్గా అంతే వస్తుంది. ఆ తండ్రికి ఏ జబ్బూ రాకపోవచ్చు. ఆడపిల్ల లేని రెండు తరాల్లో చడీచప్పుడు లేకుండా ఉండి, మూడో తరంలో మనవరాలిలో బయటపడవచ్చు. మేనరికాల మాట కూడా ఇక్కడే చెప్పుకోవాలి. క్యాన్సర్ ముప్పుకు ఒక చెడిన ప్రతి చాలు కనుక దానికి మేనరికం కారణం కాదు. అయితే బీఆర్‌సీఏ2లో లోపమున్న ఇద్దరు దగ్గరి బంధువులు పెళ్లాడితే, ఇద్దరి నుంచీ చెడిన ప్రతి అందుకున్న బిడ్డకు ఫాంకోని అనీమియా అనే తీవ్రమైన జబ్బు వచ్చే అవకాశముంది.

పెళ్లి కావాల్సిన చెల్లెలుంది, పరీక్షలో ఏదైనా తేలితే సంబంధాలు రావని వెనకాడే ఇళ్లు బోలెడు. ఆ భయాన్ని కొట్టిపారేయలేం. కానీ దాచినంత మాత్రాన జన్యువు పోదు. తెలిస్తే చేయగలిగింది చాలా ఉంది. బీఆర్‌సీఏ1 మార్పు ఉన్నవారిలో నూటికి 40 మంది దాకా జీవితకాలంలో అండాశయ క్యాన్సర్ బారిన పడతారు. మామూలు స్త్రీలలో ఇది నూటికి ఒకరు. పిల్లలు పుట్టాక, నలభై లోపు అండాశయాలు, ఫెలోపియన్ నాళాలు తీయించుకుంటే ఆ ముప్పులో ఎక్కువ భాగం పోతుంది. అక్కకు చేసిన ఒక్క పరీక్ష చెల్లెలి ప్రాణం కాపాడగలదు. ఏ మాత్రా ఆ పని చేయలేదు.

ఇందులో ఒక చేదు నిజం ఉంది. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశంలో నూటికి ముగ్గురైతే, తెలంగాణలో ఏడుగురికి పైన, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు తొమ్మిది మంది. తెల్లబట్ట అవుతోందని, నడుం నొప్పి అని ముప్ఫై ఏళ్లకే ఆపరేషన్ బల్ల ఎక్కించే వ్యవస్థ, నిజంగా ఆపరేషన్ అవసరమున్న మనిషిని మాత్రం గుర్తుపట్టలేకపోతోంది.

మళ్లీ ధర దగ్గరికి వద్దాం. ఓలాపారిబ్ పేటెంటు దరఖాస్తు 2004 మార్చి నాటిది. ఇరవై ఏళ్ల గడువు 2024 మార్చిలో ముగిసింది. ఈ మందు మీద హైదరాబాద్‌కు చెందిన నాట్కోకూ కుడోస్‌కూ మధ్య ఢిల్లీ హైకోర్టులో వ్యాజ్యం నడిచింది. నాట్కోకు ఇలాంటి తగాదాలు కొత్త కాదు. 2012 మార్చిలో దేశంలోనే తొలి తప్పనిసరి లైసెన్సు దక్కింది ఆ సంస్థకే. నెలకు 2.8 లక్షల రూపాయలున్న సోరాఫెనిబ్‌ను 8,800 రూపాయలకు అమ్మేందుకు అది అనుమతి తెచ్చుకుంది. ధర తగ్గించే విద్య మన ఊళ్లోనే ఉందన్నమాట. మందు చవకయ్యాక కూడా ఎవరికివ్వాలో తెలియకపోతే ఆ చవక ఎవరికి లాభం?

ఎంజీఎంలో మామూలు అవసరాలకే ఇబ్బంది పడుతుంటే జన్యు పరీక్షలు ఎందుకని కొందరు అడుగుతారు. అర్థమున్న ప్రశ్నే. అయితే ఇందుకు కొత్త భవనం అక్కర్లేదు. తెలంగాణ డయాగ్నోస్టిక్స్ ఏర్పాటు ఇప్పటికే ఉంది. 2021 జూన్‌లో జిల్లాల్లో ప్రారంభమైన కేంద్రాల్లో జనగామ కూడా ఒకటి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో తీసిన రక్తం ఆ కేంద్రానికి చేరుతుంది, ఫలితం ఫోనుకు వస్తుంది. షుగరు పరీక్షకు నడిచే దారిలోనే బీఆర్‌సీఏ నమూనా కూడా హైదరాబాద్ దాకా పోగలదు. ఊరందరికీ చేయనక్కర లేదు. అండాశయ క్యాన్సర్ నిర్ధారణ అయిన ప్రతి స్త్రీకి, చిన్న వయసులో రొమ్ము క్యాన్సర్ వచ్చినవారికి, మార్పు ఉందని తేలితే వారి రక్తసంబంధీకులకు చేస్తే చాలు. 2023 డిసెంబరులో ఆరోగ్యశ్రీ పరిమితిని 10 లక్షల రూపాయలకు పెంచారు. లక్షల కీమో బిల్లు కట్టే పథకానికి వేల రూపాయల పరీక్ష బరువు కాదు.

పరీక్షతో పాటు జాగ్రత్తలూ పల్లెకు చేరాలి. ఈ మాత్రలు రక్తం తగ్గిస్తాయి. సోలో-1లో మందు వాడినవారిలో నూటికి 22 మందికి తీవ్రమైన రక్తహీనత వచ్చింది. తెలంగాణలో 15–49 ఏళ్ల స్త్రీలలో నూటికి 57 మందికి పైగా ముందే రక్తహీనత ఉందని 2019–21 సర్వే చెబుతోంది. నెలనెలా రక్తం చూపించుకోకుండా ఈ మాత్ర వాడటం ప్రమాదం. తామరకు మందుల షాపులో చీటీ లేకుండా ఇచ్చే ఇట్రాకొనజోల్ ఓలాపారిబ్‌తో కలిస్తే ఒంట్లో ఓలాపారిబ్ మోతాదు బాగా పెరిగిపోతుంది. ఆర్‌ఎంపీలకు ఈ ఒక్క ముక్కైనా తెలిసి తీరాలి. నూటికి ఒకరిద్దరిలో ఎముక మూలుగ జబ్బు, రక్తక్యాన్సర్ వచ్చిన దాఖలాలున్నాయి. కొన్నాళ్లకు క్యాన్సర్ కణాలు బీఆర్‌సీఏను తిరిగి బాగుచేసుకుని మందుకు లొంగకుండా పోవడమూ ఉంది. పలు విడతల కీమో అయిపోయాక ఆఖరి అస్త్రంగా వాడినప్పుడు ఆయుష్షు పెరగకపోగా తగ్గుతోందేమోనన్న అనుమానంతో 2022లో అమెరికాలో మూడు కంపెనీలు ఆ వాడకాన్ని ఉపసంహరించుకున్నాయి. సరైన మనిషికి, సరైన దశలో ఇస్తేనే ఇది మందు.

అందుకే ప్రభుత్వాన్ని అడగాల్సింది రెండే. ఆరోగ్యశ్రీ జాబితాను ఈసారి సవరించినప్పుడు బీఆర్‌సీఏ పరీక్షను, మార్పు ఉన్నవారికి ఓలాపారిబ్‌ను పేరు పెట్టి చేర్చాలి. జనగామ కేంద్రం నుంచి ఆ నమూనాలు తీసుకోవడం మొదలుపెట్టాలి. పాఠకులు చేయగలిగిందీ ఒకటుంది. పుట్టింటి వైపు, అమ్మ తరఫునైనా నాన్న తరఫునైనా, ఎవరికైనా అండాశయ క్యాన్సర్ గాని, యాభై ఏళ్లలోపు రొమ్ము క్యాన్సర్ గాని వచ్చి ఉంటే, డాక్టర్ అడిగేదాకా ఆగకండి. బీఆర్‌సీఏ పరీక్ష రాయమని మీరే అడగండి.